సిమెంటు ఒక దారి, ఉక్కు మరో దారి

పదేళ్ల వ్యవధిలో మన దేశంలో రెండు భారీ పరిశ్రమలు సర్కారు పట్టు నుంచి బయటపడ్డాయి. సిమెంటు ధర మీదా పంపిణీ మీదా ఉన్న నియంత్రణ 1982 ఫిబ్రవరిలో కొంత సడలి, 1989 మార్చిలో పూర్తిగా తొలగిపోయింది. ఉక్కుకు లైసెన్సుల విధానం 1991లో, ధరల నియంత్రణ 1992లో పోయాయి. పైకి చూస్తే రెండు చోట్లా జరిగింది ఒకటే. కొత్త పెట్టుబడిదారులు వచ్చారు, ఉత్పత్తి పెరిగింది, పరిశ్రమ రూపురేఖలు మారిపోయాయి. ఇంధనం విషయానికి వచ్చేసరికి మాత్రం చెరో దారి పట్టాయి. కిలో క్లింకర్‌కు (సిమెంటుగా నూరే ముందు కొలిమిలో తయారయ్యే గడ్డలకు) ఖర్చయ్యే వేడిని బట్టి చూస్తే భారత సిమెంటు పరిశ్రమ ఇవాళ ప్రపంచంలో మెరుగైన వాటి సరసన ఉంది. ఉక్కులో, కేంద్ర ఉక్కు మంత్రిత్వ శాఖ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారమే, టన్ను ముడి ఉక్కుకు 2.54 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. ప్రపంచ సగటు 1.9 టన్నుల దరిదాపుల్లో ఉంది.

పరిశ్రమల నిర్మాణం ఆధునికమైతే శుభ్రమైన, ఇంధనం ఆదా చేసే టెక్నాలజీ దాని వెంటే వస్తుందన్న నమ్మకం ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నిలవదు. కొత్త సామర్థ్యం ఎంత పెద్ద యూనిట్లుగా వస్తోంది, ఏ ధర నిబంధన కింద వస్తోంది, దాని చేతికి అందే ఇంధనం ఏమిటి అన్న మూడు విషయాలే టెక్నాలజీ ఎటు పోవాలో తేలుస్తాయి.

ముందుగా లెక్కలో ఉన్న ఒక చిక్కు చూడాలి. ఒక దేశం రూపాయి ఆదాయానికి వాడే ఇంధనం తగ్గిందంటే దానికి రెండు కారణాలు ఉండొచ్చు. ఫ్యాక్టరీలు నిజంగానే తక్కువ ఇంధనంతో సరుకు తయారుచేస్తూ ఉండొచ్చు. లేదా ఇంధనం ఎక్కువగా తాగే ఫ్యాక్టరీల వాటా తగ్గి సాఫ్ట్‌వేర్, బ్యాంకింగ్ లాంటి సేవల వాటా పెరిగి ఉండొచ్చు. రెండో సందర్భంలో ఒక్క కొలిమి కూడా బాగుపడకపోయినా అంకె మాత్రం అందంగా కనిపిస్తుంది. భారత ఆదాయంలో సగానికి పైగా సేవల నుంచే వస్తోంది కాబట్టి ఈ తేడా మనకు మరీ ముఖ్యం. మాదాపూర్‌లో ఒక ఐటీ టవర్ లేచినంత మాత్రాన ఆ టవర్‌కు వాడిన ఇనుప ఊచ శుభ్రంగా తయారైనట్టు కాదు.

జపాన్ అనుభవంలో రెండు కారణాలూ విడివిడిగా కనిపిస్తాయి. 1973లో చమురు ధరలు భగ్గుమన్నాక అక్కడి అల్యూమినియం స్మెల్టర్లు, అంటే లోహం తీసే కర్మాగారాలు, తట్టుకోలేకపోయాయి. టన్ను అల్యూమినియానికి 14,000 యూనిట్ల దాకా కరెంటు కావాలి, ఆ కరెంటులో చాలా భాగం చమురుతో తయారయ్యేది. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ పరిశ్రమ దాదాపు కనుమరుగైంది. సొంత జలవిద్యుత్తు ఉన్న కంబారా స్మెల్టర్ ఒక్కటే 2014 దాకా నడిచింది. జపాన్ పెట్టుబడి ఇండోనేషియాలోని అసహాన్ లాంటి చోట్లకు వెళ్లి అక్కడి నదుల కరెంటుతో స్మెల్టర్లు కట్టింది. జపాన్ లెక్కలో ఇంధనం తగ్గింది, స్మెల్టింగ్ మరో దేశానికి మారింది. ఉక్కు, సిమెంటు పరిశ్రమలు అలా తరలిపోలేదు. అక్కడే ఉండి, ఖరీదైన ఇంధనాన్ని తట్టుకోవడానికి కొలిమి నుంచి వృథాగా పోయే వేడినీ, వాయువునూ పట్టుకుని కరెంటుగా మార్చడం నేర్చుకున్నాయి. ఆ యంత్రాల తయారీయే తర్వాత ఒక ఎగుమతి పరిశ్రమ అయింది. అందులో ఒక యంత్రం నల్లగొండ జిల్లాకు కూడా వచ్చింది. ఆ సంగతి కాస్త ముందుకెళ్లాక.

సిమెంటులో ఏం జరిగింది

నియంత్రణ కాలంలో ఇల్లు కట్టుకోవాలంటే సిమెంటు పర్మిట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చేది. ఆ కొరతను పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఫ్యాక్టరీ లోపల అదే విధానం చేసిన నష్టం గురించి మాత్రం ఎక్కువమంది మాట్లాడరు. సిమెంటుకు ఎంత ఇవ్వాలో కంపెనీ ఉత్పత్తి ఖర్చును బట్టి ప్రభుత్వమే నిర్ణయించేది. ఖర్చు ఎక్కువైన యూనిట్‌కు ఎక్కువ ధర, తక్కువైన యూనిట్‌కు తక్కువ ధర. బొగ్గు ఆదా చేసిన యజమానికి ఆ ఆదా మిగలదు, వృథా చేసినవాడికి ఆ నష్టం తగలదు. ఇలాంటి నిబంధన కింద ఎంత మంచి టెక్నాలజీ అయినా కొనేవాడు ఉండడు. ఎరువుల ఫ్యాక్టరీలను కూడా 1977 నుంచి పాతికేళ్లకు పైగా ఇదే పద్ధతిలో నడిపారు.

1960లో దేశంలోని సిమెంటులో 90 శాతానికి పైగా తడి పద్ధతిలోనే తయారయ్యేది. సున్నపురాయిని, మట్టిని నీళ్లతో కలిపి నూరి ముద్దగా కొలిమిలోకి పంపేవారు. ఆ ముద్దలో 30 నుంచి 40 శాతం నీళ్లే. పొడవాటి కొలిమిలో సగం పని ఆ నీటిని ఆవిరి చేయడంతోనే సరిపోయేది. తడి కట్టెలతో వంట చేసినట్టు. కిలో క్లింకర్‌కు 1,300 నుంచి 1,400 కిలో కేలరీల వేడి ఖర్చయ్యేది. పొడి పద్ధతిలో రాతిపొడి ఎత్తైన టవర్‌లోని సైక్లోన్‌ల (గరాటు ఆకారపు గదుల) గుండా కిందికి దిగుతుంది, కొలిమి నుంచి వచ్చే వేడి వాయువులు దానికి ఎదురెక్కుతాయి. కొలిమి చేరేసరికే పొడి బాగా కాగి, చాలావరకు విచ్ఛిన్నమై ఉంటుంది. ఐదారు అంతస్తుల సైక్లోన్‌లతో కట్టిన కొత్త కొలిమికి 700 కిలో కేలరీల ప్రాంతంలో సరిపోతుంది. దాదాపు సగం.

పాత తడి కొలిమిని పొడి కొలిమిగా మార్చడం కొన్నిచోట్ల జరిగింది గానీ అసలు మార్పు వచ్చింది కొత్త ఫ్యాక్టరీలతో. 1982 ఏర్పాటు ప్రకారం పాత ఫ్యాక్టరీలు మూడింట రెండొంతుల సరుకును లెవీ కింద ప్రభుత్వం చెప్పిన ధరకు ఇవ్వాలి, మిగిలింది బజారులో అమ్ముకోవచ్చు. కొత్త ఫ్యాక్టరీలకు లెవీ సగమే. కట్టే ప్రతి కొత్త కొలిమికీ బజారు ధర అందే వాటా ఎక్కువ కాబట్టి పెట్టుబడి అటే ఉరికింది. పూర్తి స్వేచ్ఛ వచ్చేసరికి దేశంలో సిమెంటు ఉత్పత్తి ఏడేళ్లలో దాదాపు రెట్టింపైంది. అలా వచ్చిన ఫ్యాక్టరీలు రోజుకు వేల టన్నులు తీసే పొడి కొలిమిలు. ఇప్పుడు తడి పద్ధతి దేశంలో నామమాత్రం.

ఈ మార్పుకు తెలుగు నేల పెద్ద వేదిక. కర్నూలు, కడప ప్రాంతాల నుంచి పల్నాడు మీదుగా నల్లగొండ దాకా, ఇంకోవైపు తాండూరు దాకా పరుచుకున్న సున్నపురాయి మాచర్ల, జగ్గయ్యపేట, హుజూర్‌నగర్, ఎర్రగుంట్ల, తాడిపత్రి, బేతంచెర్లలను సిమెంటు ఊళ్లుగా మార్చింది. కేంద్ర ప్రభుత్వ సిమెంట్ కార్పొరేషన్‌కు అధిపతిగా పనిచేసిన బి.వి.రాజు తర్వాత రాశి సిమెంట్‌ను స్థాపించారు. నైపుణ్యం ప్రభుత్వ రంగం నుంచి ప్రైవేటు రంగంలోకి మనుషుల వెంట ఎలా నడిచి వెళుతుందో ఇది చూపిస్తుంది. టెక్నాలజీ బదిలీ అంటే యంత్రాల ఒప్పందాలే గుర్తొస్తాయి కానీ, ఆ యంత్రాన్ని ఎంచుకోగల మనిషి లేకపోతే ఒప్పందం కాగితమే.

అదే సమయంలో ఇంకో ప్రయోగం కూడా జరిగింది. చిన్న పెట్టుబడిదారులను ప్రోత్సహించాలన్న ఉద్దేశంతో మినీ సిమెంటు ప్లాంట్లకు పన్ను రాయితీలు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అవి బాగానే వచ్చాయి. చాలావాటిలో నిలువు కొలిమి ఉండేది. చవక, చిన్నది, వేడి పంపిణీ సమంగా ఉండదు, నాణ్యత ఒక బ్యాచ్‌కీ ఇంకో బ్యాచ్‌కీ మారిపోతుంది. రాయితీలు ఉన్నంతకాలం నడిచి, పెద్ద కొలిమిల ధరతో పోటీ వచ్చాక చాలా వరకు మూతపడ్డాయి, కొన్ని సైజు పెంచుకుని బతికాయి. అవే గనక ఎక్కువ వాటా దక్కించుకుని ఉంటే సిమెంటు కథ కూడా ఉక్కు కథలాగే ఉండేది.

విష్ణుపురంలోని రాశి సిమెంట్ ఫ్యాక్టరీ 1998లో ఇండియా సిమెంట్స్ చేతికి వచ్చింది. 2004లో జపాన్ ప్రభుత్వ సంస్థ నెడో సహకారంతో అక్కడ 7.7 మెగావాట్ల విద్యుత్ కేంద్రం మొదలైంది. దానికి బొగ్గు అక్కర్లేదు. కొలిమి టవర్ పైనుంచి, క్లింకర్ కూలర్ నుంచి బయటకు పోయే 300 డిగ్రీల పైచిలుకు వాయువులతోనే ఆవిరి పుట్టించి టర్బైన్ తిప్పుతారు. దేశ సిమెంటు పరిశ్రమలో వృథా వేడి నుంచి కరెంటు తీసిన తొలి కేంద్రాల్లో అదొకటి. గమనించాల్సింది ఏమిటంటే, తడి కొలిమికి ఈ యంత్రాన్ని బిగించి లాభం లేదు. దాని వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, పొగగొట్టం దగ్గర పట్టుకోవడానికి మిగిలేది తక్కువ. చిన్న కొలిమికి బిగించినా గిట్టుబాటు కాదు. పెద్ద పొడి కొలిమి అనే మెట్టు ఎక్కిన పరిశ్రమకే ఈ రెండో మెట్టు అందుతుంది. అయినా మన దగ్గర అది వ్యాపించడానికి పదేళ్లకు పైగా పట్టింది. సొంత బొగ్గు కరెంటు చవకగా దొరికినన్నాళ్లూ యజమానులకు తొందర పుట్టలేదు.

పాల్వంచ నుంచి రాయ్‌పూర్ దాకా

ఉక్కు కథ కూడా తెలుగు నేల మీదే మొదలవుతుంది. 1980లో ఖమ్మం జిల్లా పాల్వంచలో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ ప్రదర్శన కర్మాగారం పని మొదలుపెట్టింది. సామర్థ్యం ఏడాదికి 30,000 టన్నులు. ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి పెట్టిన సంస్థ అది. ఆలోచన మంచిది. ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్‌కు కోక్ (గాలి తగలకుండా కాచిన బొగ్గు) చేయడానికి పనికొచ్చే బొగ్గు మన దేశంలో తక్కువ, ఆ పనికి రాని బొగ్గు సింగరేణిలోనే బోలెడు. ఆ మామూలు బొగ్గుతోనే, తిరిగే కొలిమిలో ఇనుప ఖనిజాన్ని కరగనివ్వకుండా లోహంగా, అంటే స్పాంజ్ ఐరన్‌గా, మార్చవచ్చని పాల్వంచ చూపించింది. తర్వాత, 2010లో, ఆ సంస్థ కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీలో కలిసిపోయింది.

1991 తర్వాత ఆ టెక్నాలజీ పాల్వంచ దాటి రాయ్‌పూర్, రాయ్‌గఢ్, సుందర్‌గఢ్, బళ్లారి, దుర్గాపూర్ పరిసరాల్లో వందల చిన్న యూనిట్లుగా విస్తరించింది. రోజుకు 50, 100 టన్నుల కొలిమిలు. కొద్ది పెట్టుబడితో ఏడాదిలోపే కట్టేయొచ్చు. ఆ స్పాంజ్ ఐరన్‌ను, తుక్కును కరెంటుతో నడిచే ఇండక్షన్ ఫర్నేసులో కరిగించి ఊచలు చుట్టే చిన్న ఉక్కు యూనిట్లు హైదరాబాద్ పక్కన కొత్తూరు, షాద్‌నగర్, ఇటు హిందూపురం దాకా వచ్చాయి. 2003 నుంచి స్పాంజ్ ఐరన్ ఉత్పత్తిలో భారత్ ప్రపంచంలో మొదటి స్థానంలో ఉంది. మిగతా ప్రపంచం ఎక్కువగా సహజ వాయువుతో చేస్తుంటే మన దగ్గర నాలుగింట మూడొంతులకు పైగా బొగ్గుతోనే తయారవుతోంది.

వాయువుతో చేయాలని కొందరు ప్రయత్నించకపోలేదు. పశ్చిమ తీరంలో వాయువు ఆధారిత యూనిట్లు ఉన్నాయి. 2009లో కాకినాడ తీరానికి ఎదురుగా కేజీ బేసిన్ డీ6 వాయువు రావడం మొదలైనప్పుడు ఆశలు బాగా పెరిగాయి. ఒకటి రెండేళ్లకే ఉత్పత్తి పడిపోయింది. ఉన్న వాయువు ముందుగా ఎరువులకు, కరెంటుకు, నగరాల్లోని ఇళ్లకు అని ప్రభుత్వం వరుస పెట్టింది, ఉక్కు ఆ వరుసలో వెనకబడింది. శుభ్రమైన టెక్నాలజీ అందుబాటులో ఉన్నా దానికి కావలసిన ఇంధనం అందకపోతే పరిశ్రమ మళ్లీ బొగ్గు దగ్గరికే వస్తుంది.

చిన్న సైజు చేసే నష్టం లోపలికి వెళితే కనిపిస్తుంది. స్పాంజ్ ఐరన్ కొలిమి నుంచి వెయ్యి డిగ్రీలకు దగ్గరగా ఉన్న వాయువు బయటకు వస్తుంది. పెద్ద యూనిట్‌లో దాన్ని బాయిలర్‌కు మళ్లించి కరెంటు తీస్తారు, ఆ కరెంటుతో పక్కనే ఉన్న ఫర్నేసు నడుస్తుంది. 100 టన్నుల కొలిమి ఒక్కటే ఉన్న యజమానికి బాయిలర్, టర్బైన్ ఖర్చు గిట్టదు. ఆ వేడి ఆకాశంలోకి పోతుంది. ఇంకో ఉదాహరణ ఊచల మిల్లు. ఇండక్షన్ ఫర్నేసు ఒకరిది, రోలింగ్ మిల్లు వేరే ఊళ్లో ఇంకొకరిది అయితే ఎర్రగా కాలుతున్న బిల్లెట్ (ఊచలు చుట్టడానికి పోసిన ఉక్కు దిమ్మె) చల్లారి, లారీ ఎక్కి, దిగి, మళ్లీ బొగ్గుతోనో ఫర్నేస్ ఆయిల్‌తోనో కాగాలి. రెండూ ఒకే ప్రాంగణంలో ఉంటే వేడి బిల్లెట్ నేరుగా రోలర్ల మధ్యకు వెళుతుంది, మళ్లీ కాచే ఖర్చు చాలావరకు పోతుంది. ఇందులో ప్రయోగశాలలో కనిపెట్టాల్సింది ఏమీ లేదు. రెండు యూనిట్లు ఒకే గోడలోపల ఉండటమే ఇక్కడి ఇంధన ఆదా టెక్నాలజీ.

దీనికి ఎదురుగా విశాఖ ఉక్కును పెట్టి చూడాలి. 1990ల ఆరంభంలో ఉత్పత్తిలోకి వచ్చిన ఆ కర్మాగారం మొదటి రోజు నుంచే కోక్‌ను నీళ్లతో కాకుండా నత్రజనితో చల్లార్చింది, దేశంలో అలా చేసిన మొదటిది అదే. వెయ్యి డిగ్రీల కోక్ మీద నీళ్లు పోస్తే వేడి ఆవిరై గాల్లో కలుస్తుంది. మూసిన గదిలో నత్రజనిని తిప్పితే ఆ వేడి బాయిలర్‌కు చేరి కరెంటవుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ పైభాగంలోని వాయువు పీడనంతో తిరిగే టర్బైన్లు, పోసిన ఉక్కునంతా నిరంతర పోతపద్ధతిలో దిమ్మెలుగా తీయడం కూడా అప్పటి నుంచే ఉన్నాయి. ప్రైవేటు అయితేనే మెరుగైన టెక్నాలజీ వస్తుందనేవారు ఈ ఉదాహరణను దాటవేయడం న్యాయం కాదు. ఇక్కడ పని చేసింది సైజు, ఒకే ప్రాంగణం, కొత్తగా కట్టడం.

పెద్దవాళ్లకే అందిన విధానం

2001 ఇంధన పొదుపు చట్టం కింద 2012లో 'పాట్' పథకం మొదలైంది. ఎక్కువ ఇంధనం వాడే కర్మాగారాలకు లక్ష్యం పెడతారు. మించి ఆదా చేసినవారు సర్టిఫికెట్లు అమ్ముకోవచ్చు, చేయలేనివారు కొనుక్కోవాలి. తొలి విడతలో 8 రంగాల నుంచి 478 యూనిట్లు ఉన్నాయి. 66.86 లక్షల టన్నుల చమురుకు సమానమైన ఆదా లక్ష్యం కాగా 86.7 లక్షల టన్నుల ఆదా జరిగింది. నిజమైన విజయమే, కాకపోతే లక్ష్యాన్ని అంత సులువుగా దాటారంటే లక్ష్యం తక్కువగా పెట్టినట్టు కూడా.

అంతకన్నా పెద్ద లోపం ఇంకోటి ఉంది. సిమెంటుకైనా ఉక్కుకైనా తొలి విడతలో ఏడాదికి 30,000 టన్నుల చమురుకు సమానమైన ఇంధనం వాడేవారినే తీసుకున్నారు. సిమెంటులో ఆ గీత 85 యూనిట్లను, అంటే పరిశ్రమలో అధిక భాగాన్ని, పట్టుకుంది. వందల యూనిట్లున్న ఇనుము, ఉక్కు రంగంలో చిక్కింది 67 మాత్రమే. రోజుకు 100 టన్నుల కొలిమి ఏడాదికి 30,000 టన్నుల స్పాంజ్ ఐరన్ తీస్తుందనుకుని, టన్నుకు టన్నుంపావు బొగ్గు చొప్పున లెక్కిస్తే, టన్ను బొగ్గులో ఉండే వేడి టన్ను చమురులో దాదాపు సగమే కాబట్టి, అది ఆ గీతకు చాలా కిందే ఉండిపోతుంది. పరిశ్రమ ముక్కలుగా ఉంటే విధానం కూడా దాన్ని చూడలేదు. టన్నుకు ఎక్కువ కాల్చేవారే లెక్కకు అందకుండా పోయారు.

చైనా ఈ సమస్యను ఆదేశంతో తీర్చింది. 2017 జూన్ చివరికల్లా నాసిరకం ఉక్కు తీసే ఇండక్షన్ ఫర్నేసులను మూయించింది. భారత్‌లో ఉక్కులో దాదాపు మూడో వంతు ఈ ఫర్నేసుల నుంచే వస్తోంది, వాటి మీద బతికే కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. అలా మూయించడం ఇక్కడ సాధ్యం కాదు, సబబూ కాదు. చిన్న యూనిట్లున్న చోట ఉమ్మడిగా వృథా వేడి బాయిలర్, ఉమ్మడి తుక్కు శుద్ధి కేంద్రం, పక్కపక్కన మిల్లులు పెట్టుకోవడానికి స్థలం ఇవ్వడం మేలు. సాంకేతిక సలహాలిచ్చే కార్యక్రమాల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ భౌతిక ఏర్పాటు మీద పెట్టడం లేదు.

ఒక పరిశ్రమ మార్పు పక్క పరిశ్రమను కూడా కదిలిస్తుందన్నది ఈ చర్చలో తరచూ మరిచిపోయే విషయం. సిమెంటు ఉద్గారాల్లో పెద్ద భాగం బొగ్గుది కాదు. సున్నపురాయి విచ్ఛిన్నమైనప్పుడు దానిలోంచే టన్ను క్లింకర్‌కు అర టన్నుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కొలిమి ఎంత గొప్పదైనా దాన్ని ఆపలేదు. క్లింకర్ తగ్గించడమే మార్గం. అందుకే పీపీసీ సిమెంటులో 35 శాతం దాకా బూడిద, స్లాగ్ సిమెంటులో 70 శాతం దాకా బ్లాస్ట్ ఫర్నేస్ స్లాగ్ (ఇనుము తీశాక మిగిలే చిట్టెం) కలపడానికి ప్రమాణాలు అనుమతిస్తాయి. ఆ బూడిద ఇబ్రహీంపట్నం, రామగుండం లాంటి బొగ్గు విద్యుత్ కేంద్రాల నుంచి, స్లాగ్ విశాఖ లాంటి చోట్ల నుంచి వస్తుంది. సిమెంటు శుభ్రత ఇప్పుడు బొగ్గు కరెంటు మీద, బ్లాస్ట్ ఫర్నేసు మీద ఆధారపడి ఉంది. సౌర విద్యుత్తు పెరిగి, ఉక్కు తుక్కు వైపో హైడ్రోజన్ వైపో మళ్లితే ఈ రెండు ముడిసరుకులూ తగ్గుతాయి. కాల్చిన బంకమట్టిని, సున్నపురాతి పొడిని కలిపి క్లింకర్‌ను సగానికి తగ్గించే సిమెంటు మీద ఐఐటీ దిల్లీ, ఐఐటీ మద్రాస్ ఏళ్లుగా చేస్తున్న పని అందుకే ఎంతో అవసరమైనది. అది పక్కకు పెట్టే పరిశోధన అంశం కాకూడదు.

సిమెంటు నిర్మాణం మళ్లీ మారుతోంది కూడా. తాడిపత్రి పెన్నా సిమెంట్ 2024లో అంబుజా చేతికి, అదే ఏడాది చివర ఇండియా సిమెంట్స్ అల్ట్రాటెక్ చేతికి వెళ్లాయి. విష్ణుపురానికి ఇది మూడో యాజమాన్యం. పెద్ద సంస్థకు వృథా వేడి కేంద్రాలు పెట్టే డబ్బూ అనుభవమూ ఉంటాయన్నది నిజం. రెండు తెలుగు రాష్ట్రాల్లో గిరాకీ కన్నా సామర్థ్యం చాలా ఎక్కువగా ఉండి కొలిమిలు తరచూ ఆగుతున్నాయన్నదీ నిజం. ఆపి మళ్లీ రాజేసిన ప్రతిసారీ సరుకు రాకుండానే ఇంధనం కాలుతుంది. యాజమాన్యాలు కలిసినప్పుడు పాత కొలిమిలను శాశ్వతంగా మూసి మంచివాటిని నిండుగా నడిపితే టన్నుకు ఇంధనం తగ్గుతుంది. ధర నిలబెట్టుకోవడం కోసం అన్నిటినీ సగం సగం నడిపితే పెరుగుతుంది. కొనుగోలుకు అనుమతించేటప్పుడు బజారు వాటాను చూస్తున్నారు, ఈ విషయాన్ని కూడా అడగాలి.

ఉక్కులో అసలు నిర్ణయం ఇంకా ముందుంది. 2017 జాతీయ ఉక్కు విధానం 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యం ఉండాలంటోంది. 2025 ఆరంభానికి ఉన్నది 20 కోట్ల టన్నుల దరిదాపుల్లో. అంటే అప్పటికి ఆ లక్ష్యంలో మూడో వంతు ఇంకా కట్టాల్సే ఉంది, ఒకసారి కట్టిన కొలిమి నాలుగు దశాబ్దాలు నడుస్తుంది. 2024 డిసెంబరులో కేంద్రం హరిత ఉక్కుకు నిర్వచనం ఇచ్చింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలుంటే నక్షత్రాల గుర్తింపు, 1.6 లోపు ఉంటే ఐదు నక్షత్రాలు. 2026 జనవరి నుంచి యూరప్ దిగుమతి సరుకు ఉద్గారాల మీద వేసే సరిహద్దు కార్బన్ పన్నును అసలు దశలోకి తెచ్చింది. ఎగుమతి చేసే పెద్ద కంపెనీలు ఈ రెండిటికీ స్పందిస్తాయి. కొత్తూరు ఫర్నేసులో తయారై పక్క మండలంలో స్లాబులో కలిసిపోయే ఊచను యూరప్ పన్ను తాకదు. దాన్ని తాకగలిగేది రోడ్లు, వంతెనలు, ఇళ్లు, కాలువలు కట్టించే రాష్ట్ర ప్రభుత్వాల టెండరు నిబంధన. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ ఏటా కొనే ఉక్కు తక్కువేమీ కాదు. ఆ టెండర్లలో నక్షత్రాల గుర్తింపుకు విలువ ఇస్తే, చిన్న యూనిట్లకు దాన్ని అందుకోవడానికి కొన్నేళ్ల గడువూ ఉమ్మడి సదుపాయాలూ ఇస్తే, 1982లో సిమెంటు కొలిమికి బజారు ధర చేసిన పని ఇక్కడ ప్రభుత్వ కొనుగోలు చేస్తుంది.